నవంబర్ ఆఖర్ల పాకాల చెరువు దిక్కు గూస్‌ల కోసం పోతున్నం, ఏమేం తయారీ కావాలె?

హన్మకొండ పోరడు:

అందరికీ నమస్తే. మా దోస్తు ఒకడు అమెరికాల మిన్నెసోటాల ఉంటడు, నవంబర్ ఆఖరి వారంల ఇంటికి వస్తున్నడు. వాడక్కడ సెప్టెంబర్ వచ్చిందంటే ఆఫీసోళ్లతోటి గూస్ వేటకు పోతడు, సీజన్ ఓపెన్ అయిన మొదటి వారంలనే, గోధుమ చెలకల పండుకొని ఫొటోలు పెడ్తే మేం ఇక్కడ నోరెళ్లబెట్టుకొని చూసుడు. ఇప్పుడు ఏమంటుండంటే మన దిక్కు గూడ హిమాలయాల మీదికెళ్లి బార్ హెడెడ్ గూస్‌లు (నెత్తి మీద రెండు నల్ల పట్టీలుండే పెద్దబాతులు) వస్తయట కదా, ఇద్దరం పోదాం, సీజన్ షురూల పోతే జనం ఉండరు అని ఒకటే లొల్లి. మా చిన్నాయన ఇంట్ల పాత ఎయిర్‌గన్ ఉన్నది, అది పట్టుకరా అంటున్నడు. నాకైతే అది కరెక్ట్ అనిపిస్తలేదు గానీ ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు కదా అని వాడి వాదన. నా దగ్గర కెమెరా ఉంది, 70-300 లెన్స్, బైనాక్యులర్స్ లేవు. బైక్ మీద పోదామని ప్లాన్. ఎక్కడికి పోతే దొరుకుతయి, ఎన్ని గంటలకు పోవాలె, ఏం పట్టుకపోవాలె, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పాకాల కట్ట:

ముందుగాల ఎయిర్‌గన్ సంగతి తేల్చుకో తమ్మీ. 1972 వన్యప్రాణి చట్టంల తుపాకి ఏ రకందని అడగరు, లైసెన్స్ ఉన్నదా లేదా అనేది వేరే చట్టం ముచ్చట. కొట్టుడే కాదు, ఉరి పెట్టుడు, వల వేసుడు, తరుముడు, ఎర వేసుడు, ఆఖరికి కొట్టబోయినా వేట కిందికే వస్తది. పాకాల అభయారణ్యం గాబట్టి అండ్ల దొరికితే మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాంక జైలు. మీ దోస్తుకు పాస్‌పోర్ట్ మీద కేసు కావాల్నంటే పట్టుకరమ్మను. తుపాకి చిన్నాయన ఇంట్లనే ఉండనీ.

ఇగ పక్షుల సంగతి. ఇవి ఎండకాలం మంగోలియా, టిబెట్, చైనాల చింఘాయ్ సరస్సు, మన లద్దాఖ్‌ల సో మొరిరి, గా దిక్కుల గుడ్లు పెడ్తయి, చలికాలం మన దేశానికి దిగుతయి. హిమాలయాలు దాటుతుంటే ట్రాన్స్‌మిటర్లు పెట్టి చూస్తే ఏడు వేల మీటర్ల పైకి గూడ పోయినట్టు తేలింది. మన దగ్గరికి నవంబర్ల కొన్ని గుంపులు దిగుడు షురూ అయితది గానీ మంచిగ కనవడేది డిసెంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి దాంక. అంటే మీరు పొయ్యేది నిజంగనే సీజన్ మొదట్ల, దీనికి ఒక తిప్పలున్నది.

తిప్పలేందంటే నీళ్లు. వానలు మంచిగ పడ్డ ఏడు నవంబర్ల పాకాల నిండుగ ఉంటది, నీళ్లు అడవి అంచు దాంక తాకుతయి. ఈ గూస్‌కు గడ్డి కావాలె, అది గడ్డి మేసే పక్షి, చేపలకు వచ్చేది కాదు. నీళ్లు వెనుకకు పోయి శిఖం బయటపడి అండ్ల లేత పచ్చిక మొలిస్తె అప్పుడు దిగుతది, అదీ నాలుగు దిక్కుల చూపు ఆనేటట్టు బయలు ఉన్నకాడ. పొద, చెట్టు దగ్గరుంటే దానికి అనుమానం. గందుకే గణపతిదేవుడి కాలంల కట్టిన ఇంత పెద్ద చెరువుల గూడ మీరు కట్ట మీద నిలబడి చూస్తే నీటికాకులు తప్ప ఏం కనవడకపోవచ్చు. మత్తడి ఇంకా పోస్తుందా, నీళ్లు ఎంత తగ్గినయి అని అక్కడ చేపలు పట్టేటోళ్లను అడుగుండ్రి, గూగుల్ కంటే వాళ్ల మాట నయం. ఈబర్డ్‌ల (పక్షులు చూసినోళ్లు లెక్క రాసే వెబ్‌సైట్) గూడ పోయిన ఏండ్ల రికార్డులు నెలలవారీగ కనవడ్తయి, పోయే ముందు చూస్కోండి.

ఇంకోటి, కార్తీకమాసం పడితే ఆదివారం అస్సలు పోకుండ్రి. వనభోజనాల బస్సులు, డీజే బాక్సులు, పిల్లల అరుపులు, గూస్ కాదు గదా కొంగ గూడ నిలబడదు. మంగళవారమో బుధవారమో చూస్కోండి.

నర్సంపేట రైతు:

అన్న చెప్పింది కరెక్టే, నేను రైతుగ రెండు ముక్కలు చెప్త, ఎందుకంటే ఈ ఫొటోలు తీసెటోళ్లకు మా పొలాల సంగతి తెల్వదు.

బైక్ మీద పోదామంటున్నరు గదా, పొద్దుగాల చీకట్లనే బయలెల్తరేమో, నవంబర్ అంటే వానాకాలం వరికోతలు, రోడ్డు మీద సగం దాంక వడ్లు పోసి ఉంటయి, కల్లాలు సాల్తలేవు, ఐకేపీ సెంటర్ల కాంట కాక కుప్పలు అట్లనే ఉంటయి. వడ్ల చుట్టు బండరాళ్లు పెడ్తరు, పైన నల్ల పరదా కప్పుతరు, చీకట్ల కనవడదు, ప్రతి ఏడు ఎవడో ఒకడు గుద్దుకుంటడు. మాకు వేరే జాగ లేదు, మీకు వేరే రోడ్డు లేదు, గందుకే జర నెమ్మదిగ రాండ్రి. దోస్తు ఎట్లాగు డబ్బులున్నోడు గదా, కారు మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

రెండోది దీనికంటే పెద్దది. చీకట్ల పొలాల గట్ల మీద నడవొద్దు. అడవి పందులకని కొందరు మోటర్ కాడికెళ్లి కరెంట్ తీగ గుంజి మోకాలి ఎత్తున కడ్తరు, సన్న బైండింగ్ వైర్, టార్చ్ వేసినా కనవడదు. తప్పే, కేసులు గూడ అయితున్నయి, అయినా కడ్తనే ఉన్నరు, పశువులు పోయినయి మనుషులు గూడ పోయిన్రు. కట్ట మీద, బండ్లబాట మీద ఉండుండ్రి, వెలుతురు వచ్చినంకనే పొలంల అడుగు పెట్టుండ్రి, అదీ ఆ పొలమాయనను అడిగి. అడిగితే కాదనరు, ఛాయ్ గూడ పోస్తరు. గూస్‌లు ఎక్కడ దిగుతున్నయో గూడ ఆయనకే ఎరుక, ఎందుకంటే యాసంగి నారుమడిల దిగినయంటే రాత్రికి రాత్రి మేసి తొక్కి సగం చేస్తయి, మేం డబ్బాలు కొట్టుకుంట కాపల కాస్తం. మీకు ముద్దుగ కనవడ్తయి, నాకు నారు పోతది. అయినా కొట్టాలని ఎన్నడు అనిపియ్యలే, ఏడాదికోసారి వచ్చే సుట్టాలాయె.

హన్మకొండ పోరడు:

అన్నా ఈ కరెంట్ తీగల సంగతి మాకు తట్టనే తట్టలే, థాంక్స్. కారే మాట్లాడ్త. ఎయిర్‌గన్ కథ ఖతం, మావోడు గూడ ఏడేండ్లు అనేసరికి సప్పుడు చెయ్యలే. వాడు ఇంకో మాట అన్నడు, అక్కడైతే డెకాయ్‌లు (గూస్ బొమ్మలు) పెట్టి, పిలిచే పీక ఊది దగ్గరికి రప్పిస్తరు, ఇక్కడ ఫొటోల కోసం ఫోన్‌ల గూస్ అరుపు పెడ్తే వస్తయా అని. అది చెయ్యొచ్చా?

వరంగల్ టు డులూత్:

నేను గూడ మిన్నెసోటాలనే ఉంట, మీ దోస్తు నాకు తెలిసినోడే అయి ఉంటడేమో. అక్కడి వేటకు మన ముచ్చటకు పోలిక లేదు, ఎందుకో చెప్త.

అక్కడ సెప్టెంబర్ సీజన్ పెట్టిందే వలస వచ్చే గూస్‌ల కోసం కాదు, అక్కడ్నే ఉండిపోయే కెనడా గూస్‌ల కోసం. గోల్ఫ్ కోర్సులు, పార్కులు, ఇండ్ల ముంగట గడ్డి, ఎక్కడ చూసినా అవే, పెంట పెంట చేస్తయి. వీటిల పెద్ద రకం ఒకటి అసలు లేనే లేదు అనుకున్నరట, 1962ల రోచెస్టర్‌ల మళ్ల దొరికింది, ఇప్పుడు సంఖ్య తగ్గించనీకి సీజన్ పెట్టే కాడికి వచ్చింది. ఉత్తరం నుంచి వలస గుంపులు దిగకముందే, ఈ లోకల్ వాటినే కొడ్తరు.

దానికి గూడ ఎన్ని రూల్స్ అనుకున్నరు. రాష్ట్రం లైసెన్స్, పదహారేండ్లు దాటితే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ (కేంద్ర సర్కారు వేట పర్మిట్ అసొంటిది), కాగితం స్టాంప్ అయితే దాని మీద సంతకం చెయ్యకపోతే అది చెల్లదు. 1979 తర్వాత పుట్టినోళ్లయితే తుపాకి భద్రత కోర్సు పాసవ్వాలె. సీసం గుండ్లు వాడొద్దు, దేశమంతట 1991 నుంచి బంద్, ఎందుకంటే నీళ్లల్ల పడ్డ సీసం గుండ్లను పక్షులు రాళ్లనుకొని మింగి చచ్చిపోతున్నయి. మన హెచ్1 పిల్లలకు ఇంకో మెలిక, ఆ వీసా మీద ఉన్నోళ్లు మామూలుగ తుపాకి ముట్టుకోనే వద్దు, హంటింగ్ లైసెన్స్ చేతుల ఉంటేనే మినహాయింపు. మీ దోస్తుకు ఇవన్నీ ఎరుకే గదా, అక్కడ రూల్ తప్పనోడు ఇంటికి రాంగనే చిన్నాయన ఎయిర్‌గన్ ఎందుకు యాదికొచ్చిందో అడుగు ఓసారి 😄

అయితే వాడి దగ్గర పనికొచ్చే విద్దె ఒకటున్నది, దాన్ని వాడుకో. మేం వేటకు ముందురోజు సాయంత్రం కారుల తిరిగి గుంపు ఏ చెలకల మేస్తుందో, ఏ దిక్కు నుంచి నీళ్లకు పోతుందో చూసి పెట్టుకుంటం, తెల్లారి అదే దారిల కూసుంటం. మీరు గూడ గట్లనే ఒకరోజు ముందు పొద్దుమూకే యాళ్లకు పోయి చూసి రాండ్రి. చేతుల తుపాకి బదులు కెమెరా, గంతే తేడా. సెప్టెంబర్ ఎండకు మాంసం పాడుకాకుండ ఐస్ డబ్బా మోసుడు గూడ తప్పుద్ది మీకు.

పాకాల కట్ట:

ఫోన్‌ల అరుపు పెట్టకు. ఒకటి, అభయారణ్యంల అది పక్షిని సతాయించుడే. రెండు, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఒంటి మీద కొవ్వంత కరిగిపోయి ఉంటది, దిగిన మొదటి వారాలల్ల దానికి మేత, నిద్ర కావాలె, నువ్వు లేపిన ప్రతిసారి అది ఖర్చే. డ్రోన్ గూడ వద్దు, పర్మిషన్ లేకుంటే అదీ కేసే.

గుంపు కనవడితే ఏం చెయ్యాల్నో చెప్త. మెడ వంచి మేస్తుంటే సరే. ఒకటి మెడ నిటారుగ లేపితే ఆగిపో, కదలకు. నాలుగైదు మెడలు లేచి ముక్కుతోటి మాట్లాడినట్టు ఆంగ్ ఆంగ్ అనుడు షురూ అయితే నువ్వు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి పోయినవ్, రెండడుగులు వెనుకకేసి కూసో. మళ్ల మెడలు దిగినంక ఫొటో తీస్కో. మొదట్ల వచ్చే గుంపులల్ల ఆ ఏడు పుట్టిన పిల్లలు గూడ ఉంటయి, వాటికి తల మీద రెండు నల్ల పట్టీలు ఉండవు, నెత్తి వెనుక మొత్తం ముదురు రంగే, అవి వేరే జాతి అనుకోకు. తల్లీతండ్రి పక్కనే మేస్తుంటయి, ఒకే ఫ్రేముల రెండూ పడితే అదే మంచి ఫొటో.

300 లెన్స్‌కు దూరం ఎక్కువే, పక్షి చిన్నగ పడ్తది, అయినా పర్వాలే. డబ్బులుంటే ముందు 8×42 బైనాక్యులర్స్ కొను, లెన్స్ తర్వాత. ఎర్ర, తెల్ల అంగీలు వద్దు, మట్టిరంగు షాల్ ఒకటి సాలు, అది సలికి గూడ పనికొస్తది. పాకాలల మొసళ్లు ఉన్నయి, గూస్ కోసమని నీళ్లంచుకు పాక్కుంట పోకు. సచ్చిన పక్షి కనవడితే ముట్టకుండ ఫారెస్టోళ్లకు చెప్పుండ్రి, 2005ల చింఘాయ్ కాడ బర్డ్ ఫ్లూతోటి ఈ గూస్‌లే కుప్పలు కుప్పలు పడిపోయినయి.

బాసర కాడ:

పాకాలల నీళ్లు నిండుగ ఉంటే మొండికి పోకుండ్రి, పోచంపాడ్ శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) బ్యాక్‌వాటర్ దిక్కు రాండ్రి, నందిపేట వైపు. కరీంనగర్, జగిత్యాల మీదుగ దూరమే గానీ ఇక్కడ అడవి లేదు, గోదారి నీళ్లు గుంజుకపోయినకొద్ది మైళ్ల కొద్ది బయలు గడ్డి, గూస్‌కు కావల్సిందే అది. నీళ్లు తగ్గేది ఇక్కడ గూడ డిసెంబర్ల ఎక్కువ, మీ దోస్తు సెలవు ఎన్ని రోజులు? సంక్రాంతి దాంక ఉంటే జనవరిల రమ్మను, ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జనవరిలనే అయితది, లెక్క పెట్టెటోళ్ల ఎంబడి వస్తే చూసుడు వేరే, నేర్చుకునుడు వేరే.

హన్మకొండ పోరడు:

వాడు డిసెంబర్ 20 దాంకనే ఉంటడన్నా, సంక్రాంతికి లేడు. సరే, ప్లాన్ మార్చినం. నవంబర్ల పాకాల ఒక మంగళవారం, ముందురోజు పొద్దుమూకేటప్పుడు పోయి చూసి నర్సంపేటలనే ఆగుతం. గూస్ లేకున్నా చక్రవాకాలో సూదితోక బాతులో కనవడ్తె అవే సాలు. డిసెంబర్ నడిమిట్ల నందిపేట. బాసర అన్నా, అప్పుడు మీకు మెసేజ్ పెడ్త, నీళ్లు ఎంతున్నయో చెప్పాలె. మా అమ్మ సర్వపిండి కట్టిస్తది, మీ వంతు పక్కకు పెడ్త.

నర్సంపేట రైతు:

సర్వపిండి నాకు లేదా? నారుమడి నాది.