మెటాలికాను వేదిక మీద చూసినవారు తమ అనుభవాలు చెప్పండి

ఆరుతీగలు (విశాఖపట్నం):
మెటాలికా అనే అమెరికన్ హెవీ మెటల్ రాక్ బృందం పాటలు వినడం మా అన్నయ్య నుంచి నాకు అబ్బిన అలవాటు. అన్నయ్య ఉద్యోగానికి వెళుతూ ఇంట్లో వదిలేసిన గిటారు మీద ఆ పాటల రిఫ్‌లు (పదేపదే వచ్చే గిటారు వరుసలు) ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను కనుక, ఏ పాటలో ఎక్కడ ఏ తీగ మోగుతుందో నాకు కంఠతా వచ్చు. అయితే ఆ బృందాన్ని వేదిక మీద ఇంతవరకు చూడలేదు. ఈసారి వారు మన దేశానికి గాని, గల్ఫ్ దేశాలకు గాని వస్తే తప్పకుండా వెళ్లాలని డబ్బు దాచుకుంటున్నాను. రికార్డులో విన్నదానికీ మైదానంలో విన్నదానికీ నిజంగా తేడా ఉంటుందా? ఉంటే అది ఎటువంటి తేడా? ఎక్కడ నిలబడితే మంచిది? ఆడపిల్లలు ముందు వరుసల్లో నిలబడగలరా? వెళ్లి వచ్చినవారు కాస్త వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాత_వాక్‌మన్ (హైదరాబాద్):
2011 అక్టోబరు 30, ఆదివారం నాడు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన కచేరీకి నేను వెళ్లాను. మన దేశంలో మెటాలికా ఇచ్చిన మొట్టమొదటి కచేరీ అదే. శనివారం రాత్రి లక్డీకాపూల్‌లో బస్సు ఎక్కేసరికి అందులో సగం మంది నల్ల టీషర్టులే వేసుకుని ఉన్నారు. ఒకరికొకరం ముక్కూ మొహం తెలియనివాళ్లమే అయినా, కర్నూలు దాటకముందే ఏ ఆల్బమ్ గొప్పదనే వాదన మొదలై, డ్రైవరు వచ్చి లైట్లు ఆర్పేదాకా సాగింది.

మీరు అడిగిన తేడా గురించి గిటారు వాయించేవారికి అర్థమయ్యేలా చెబుతాను. ఆ బృందం పాత పాటలను రికార్డు చేసింది మామూలు శ్రుతిలో. అయితే 1990ల మధ్య కాలం నుంచి వేదిక మీద మాత్రం తీగలను అర స్వరం తగ్గించి వాయిస్తున్నారు. పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతుకు ఆ శ్రుతి అనువుగా ఉంటుంది. రికార్డుతో కలిసి వాయించి అలవాటుపడిన చెవికి మొదటి పాటలో ఏదో కిందికి జారినట్లు అనిపిస్తుంది. రెండో పాటకల్లా ఆ సంగతి గుర్తుండదు, పైగా ఆ తగ్గింపు వల్ల గిటార్ల శబ్దానికి ఇంకొంచెం బరువు వస్తుంది. లయ కూడా రికార్డులో ఉన్నంత నిలకడగా ఉండదు, డ్రమ్ములు వాయించే లార్స్ ఉల్రిక్ ఉత్సాహం పెరిగే కొద్దీ పాట పరుగెత్తుతుంది. దీన్ని తప్పుగా లెక్కించేవారు కొందరున్నారు గాని, నలుగురు మనుషులు ఆ క్షణాన అక్కడ వాయిస్తున్నారనడానికి నాకు కనిపించిన ఆధారం అదే.

కచేరీ ఎలా మొదలవుతుందో ముందే తెలిసినా ఒళ్లు జలదరించక మానదు. ఎన్నియో మొరికోన్ ఒక పాత కౌబాయ్ సినిమాకు కూర్చిన సంగీతాన్ని 1983 నుంచి తమ కచేరీలకు నాందిగా వారు వాడుకుంటున్నారు. దీపాలు ఆరిపోయి ఆ సంగీతం మొదలవగానే, మాటలు లేని ఆ వరుసను మైదానం మొత్తం గొంతెత్తి పాడింది. అక్కడ ఉన్నవారిలో చాలామంది అంతకు ముందు ఆ వరుసను హెడ్‌ఫోన్లలో ఒంటరిగానో, హాస్టలు గదిలో ఇద్దరు ముగ్గురితోనో విన్నవారే. మన ఊళ్లో ఈ సంగీతం వినేవాడిని నేనొక్కడినే అనుకుంటూ పెరిగిన మనిషికి వేలమంది అదే వరుసను అదే శ్రుతిలో పాడుతుంటే ఎలా ఉంటుందో రాసి చెప్పడం కష్టం.

‘వన్’ అనే పాటకు ముందు చీకట్లో తుపాకుల మోతలు, హెలికాప్టరు చప్పుడు వినిపించి, బాణసంచా, మంటలు లేస్తాయి. ఆ పాట చివర్లో రెండు కాళ్లతో వాయించే బేస్ డ్రమ్ము దెబ్బలు చెవికి వినబడటం కంటే ముందు రొమ్ము ఎముకకు తగులుతాయి. ఇంట్లో ఎంత ఖరీదైన స్పీకర్లు పెట్టినా ఆ దెబ్బ రాదు.

యమునాతీరం (ఢిల్లీ):
అదే వారంలో మాకు జరిగింది కూడా ఇక్కడ ఉండాలి. బెంగళూరు కచేరీకి రెండు రోజుల ముందు, అంటే అక్టోబరు 28న, గురుగ్రామ్‌లో మెటాలికా వాయించవలసి ఉంది. అప్పట్లో నేను ఢిల్లీలో చదువుకుంటున్నాను. గంటల తరబడి ఎదురుచూసిన తరువాత మొదట వాయిదా అన్నారు, తరువాత రద్దు అన్నారు. జనం ఆగ్రహించి వేదిక ఎక్కి పరికరాలు ధ్వంసం చేశారు. నేను ఆ తోపులాటకు దూరంగా బయటికి వచ్చేశాను. నా స్నేహితుల్లో డబ్బున్నవారు మర్నాడే విమానం టిక్కెట్లు కొనుక్కుని బెంగళూరు వెళ్లారు, నేను వెళ్లలేకపోయాను. అందువల్ల నా సలహా ఒక్కటే: వేరే ఊరిలో కచేరీకి వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణాన్ని, హోటలు గదిని రద్దు చేసుకునే వీలున్న విధంగా కొనండి.

మైక్‌సెట్ (విజయవాడ):
నేను సభలకు, పెళ్లిళ్లకు, సినిమా ఆడియో వేడుకలకు సౌండు ఏర్పాటు చేసే వృత్తిలో ఉన్నాను. బెంగళూరు కచేరీకి నేనూ వెళ్లాను గాని, పాట కంటే ఎక్కువగా స్పీకర్లనే చూశానని మా వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఎక్కడ నిలబడాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలను.

మైదానం మధ్యలో, వేదికకు ఎదురుగా, చుట్టూ కంచె కట్టిన ఒక చిన్న గుడారం కనిపిస్తుంది. అక్కడ గొంతులు, వాయిద్యాల శబ్దాలను కలిపే మిక్సింగ్ కన్సోల్ ముందు కూర్చున్న ఇంజనీరు తన చెవికి ఎలా వినిపిస్తున్నదో దాన్ని బట్టే శబ్దాన్ని సరిచేస్తాడు కనుక, ఆ గుడారానికి కాస్త ముందు గాని, ఆనుకుని గాని నిలబడినవారికి అతడు వింటున్న శబ్దానికి అతి దగ్గరి శబ్దం అందుతుంది. వేదిక ముందున్న రైలింగును పట్టుకుని నిలబడినవారికి పెద్ద స్పీకర్ల వరుసలు తల మీదుగా, పక్కలకు పోతాయి; వారికి అందేది ఎక్కువగా వేదిక అంచున పెట్టిన చిన్న స్పీకర్ల శబ్దం, నేల మీద పేర్చిన సబ్‌ల (లోతైన శబ్దం ఇచ్చే పెద్ద స్పీకర్ల) మోత. పాటలో గొంతు సరిగా వినబడలేదని వాపోయేవారిలో చాలామంది ముందు వరుసలవారే. మరీ పక్కకు వెళితే ఒకవైపు గిటారే వినబడి, రెండోది మాయమవుతుంది.

వెనక ఉన్నవారికి ఇంకో సమస్య. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల దూరంలో నిలబడితే, డ్రమ్ము మీద కర్ర పడటం కంటికి కనిపించిన తరువాత దాదాపు 0.3 సెకన్లకు గాని దెబ్బ వినబడదు. మధ్యలో స్తంభాలు నిలబెట్టి అదనపు స్పీకర్లు కడతారు గదా, వాటిలోంచి వచ్చే శబ్దాన్ని కావాలనే అంత సేపు ఆలస్యం చేసి వదులుతారు. అలా చేయకపోతే వేదిక నుంచి వచ్చే శబ్దం, స్తంభం నుంచి వచ్చే శబ్దం ఒకదాని మీద ఒకటి పడి, మాట కూడా అర్థం కాదు. మన ఊళ్లలో రాజకీయ సభల్లో వీధి పొడవునా కట్టిన మైకుల్లో ప్రతి మాటా రెండేసి మూడేసి సార్లు వినబడటానికి కారణం ఈ ఆలస్యాన్ని సరిచూసుకోకపోవడమే.

ఆరుతీగలు (విశాఖపట్నం):
మైక్‌సెట్ గారూ, చాలా కృతజ్ఞతలు. అయితే గుడారం దగ్గర నిలబడితే వారి వేళ్లు కనిపించవు కదా? గిటారు వాయించే కర్క్ హామెట్ సోలో (ఒంటరిగా వాయించే భాగం) వాయిస్తుంటే వేళ్లు చూడాలన్నది నా చిన్ననాటి కోరిక.

మైక్‌సెట్ (విజయవాడ):
కనిపించవమ్మా. తెర మీద చూడవలసిందే. వేళ్లు కావాలా, శబ్దం కావాలా అన్నది ముందుగా తేల్చుకోండి.

మల్లెతీగ_మెటల్ (బెంగళూరు):
ఆడవారి విషయం ఇంకా ఎవరూ రాయలేదు గనుక నేను రాస్తున్నాను. 2011లో నేను, నా స్నేహితురాలు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వెళ్లాం. చుట్టూ మగవారే ఎక్కువ. ముందు వరుసలకు వెళ్లాలంటే మధ్యాహ్నం నుంచే నిలబడాలి, ఒకసారి వెళితే మంచినీళ్లకు గాని మరుగుదొడ్డికి గాని బయటికి రావడం దాదాపు అసాధ్యం. జనం ఒక్కసారిగా ముందుకు ఊగినప్పుడు కాళ్లు నేల మీద ఆనవు. అలాంటప్పుడు చేతులను ఛాతీకి అడ్డంగా, బాక్సర్లు పెట్టుకున్నట్లు పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోవాలి. వెనక్కు నేరుగా తోసుకుంటూ పోవడానికి ప్రయత్నించకుండా, ఊపు తగ్గిన ప్రతిసారీ ఏటవాలుగా పక్కకు జరుగుతూ రావాలి. మధ్యలో గుండ్రంగా ఖాళీ ఏర్పడి ఒకరినొకరు ఢీకొనే మోష్ పిట్ కనిపిస్తే దాని అంచు నుంచి నాలుగడుగులు అవతల ఉండండి. అందులో ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవారు వెంటనే ఆగి లేపడం నేను కళ్లారా చూశాను, ఆ మర్యాద మన సినిమా హాళ్ల టిక్కెట్టు వరుసల్లో కూడా ఉండదు. మేము నాలుగైదు పాటల తరువాత మైదానం మధ్యకు వచ్చేశాం. మట్టి నేల గనుక బూట్లు తప్పనిసరి, చెప్పులు వేసుకుని వచ్చినవారు ఆ రాత్రి వాటిని వెతుక్కోవలసి వచ్చింది.

లోన్‌స్టార్_తెలుగు (ఫ్రిస్కో, టెక్సాస్):
నాది మీ అందరికంటే భిన్నమైన అనుభవం. 2023 ఆగస్టు 18న, 20న డాలస్ పక్కనున్న అర్లింగ్టన్‌లోని స్టేడియంలో ఎం72 అనే కచేరీల యాత్రలో భాగంగా రెండు కచేరీలు జరిగాయి. ఆ యాత్రలో చాలా నగరాల్లో వారు రెండేసి రాత్రులు వాయించారు. మొదటి రాత్రి వాయించిన పాట రెండో రాత్రి ఒక్కటి కూడా వాయించలేదు. రెండు రాత్రులకూ కలిపి టిక్కెట్టు కొనే వీలుండేది, ఒక్క రాత్రికీ కొనే వీలుండేది. నేను శుక్రవారం మాత్రమే వెళ్లాను.

వేదిక మైదానానికి ఒక చివర ఉండదు. సరిగ్గా నడిమధ్యన కంకణంలా గుండ్రంగా ఉంటుంది, ఆ కంకణం లోపలి ఖాళీలో కూడా ప్రేక్షకులు నిలబడతారు. దాన్ని స్నేక్ పిట్ అంటారు. చుట్టూ ఎనిమిది ఎత్తయిన స్తంభాలకు తెరలు, స్పీకర్లు అమర్చి ఉంటాయి. డ్రమ్ముల సెట్లు నాలుగు వేరువేరు చోట్ల నేల లోంచి పైకి లేస్తాయి, ఉల్రిక్ కొన్ని పాటలకొకసారి చోటు మారతాడు. అందువల్ల ఎక్కడ కూర్చున్నా కాసేపు నలుగురిలో ఒకరు మనకు ఎదురుగా వస్తారు, మిగిలిన సమయమంతా వారి వీపులే కనిపిస్తాయి. ఇది ఎంత మంచి ఆలోచన అయినా, నలుగురూ ఒకచోట దగ్గరగా నిలబడి వాయించడం చూడాలనుకునేవారికి కొంత నిరాశ తప్పదని నా అభిప్రాయం.

శబ్దం విషయంలో మైక్‌సెట్ గారు చెప్పినదానికి ఇంకొకటి చేరుస్తాను. బయలు మైదానంలో పోయిన శబ్దం తిరిగి రాదు. పైకప్పు మూసిన స్టేడియంలో మాత్రం అది ఎదుటి గోడకు, కప్పుకు తగిలి తిరిగి వస్తుంది. పై అంతస్తులో కూర్చున్న నాకు వేగమైన పాటల్లో రిఫ్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, నెమ్మదైన పాటలు మాత్రం అద్భుతంగా వినిపించాయి. టెక్సాస్ ఆగస్టు ఎండలో కప్పు తెరవమని అడిగే సాహసం ఎవరికీ ఉండదు లెండి. ఆ కచేరీలను సినిమా హాళ్లలోనూ ప్రసారం చేశారు. ఆదివారం నా భార్య ఇంటి దగ్గరి హాల్లో కూర్చుని హామెట్ వేళ్లను నాకంటే స్పష్టంగా చూసింది, పాటలూ నాకంటే శుభ్రంగా విన్నది. అయినా నేను తనకంటే ఎక్కువ ఆనందించానని పట్టుబడుతున్నాను.

ఇక్కడికి వచ్చేవారు రెండు సంగతులు గమనించాలి. పారదర్శకమైన సంచీ తప్ప మామూలు చేతిసంచీని లోపలికి రానివ్వరు. స్టేడియానికి రైలు లేదు గనుక కారే గతి, బయటికి రావడానికి పట్టే సమయాన్ని కూడా కచేరీ సమయంలో కలిపి లెక్క వేసుకోండి.

నిశ్శబ్దప్రియ (గుంటూరు):
ఇంత శ్రమపడి, ఇంత ఖర్చు పెట్టి, రికార్డు కంటే తక్కువ నాణ్యతతో వినడం ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడటం లేదు. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్లు ఉన్నాయి కదా?

పాత_వాక్‌మన్ (హైదరాబాద్):
నాణ్యత కోసమే అయితే మీ మాట నిజమే, ఇంట్లోనే ఉండండి. నేను వెళ్లింది వారు తప్పు స్వరం వాయించే అవకాశం ఉన్న చోట వినడానికి.

చెవిమాట (కాకినాడ):
వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను, అందువల్ల రొమ్ముకు తగిలే దెబ్బల గురించి చదువుతుంటే నాకు వేరే ఆలోచనలు వస్తున్నాయి. పని స్థలాల్లో శబ్దం గురించి అమెరికా సంస్థ నియోష్ చెప్పిన లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే మిగులుతాయి. కచేరీ జరిగే చోట సగటు శబ్దం 100 డెసిబెళ్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. రాక్ కచేరీ రెండు గంటలు సాగుతుంది. మర్నాడు చెవిలో గుయ్యిమనే మోతను చాలామంది కచేరీ గుర్తుగా మురిపెంగా చెప్పుకుంటారు గాని, అది లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు దెబ్బతింటున్నాయనడానికి సూచన. ఆ మోత శాశ్వతంగా ఉండిపోవచ్చు. తనకు ఆ బాధ ఉన్నదని ఉల్రిక్ స్వయంగా బహిరంగంగా చెప్పారు.

మందుల దుకాణంలో దొరికే, చెవిలో పెట్టుకునే నురుగు బిరడాలు చవక, అయితే అవి డ్రమ్ముల సెట్టులోని ఇత్తడి తాళాల శబ్దాన్ని, గొంతులోని స్పష్టతను ఎక్కువగా మింగేస్తాయి. సంగీతకారుల కోసం చేసే వడపోత బిరడాలు అన్ని స్వరస్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కనుక పాట పాటలాగే వినబడుతుంది. స్పీకర్ల వరుసకు ఆనుకుని మాత్రం ఏ బిరడా పెట్టుకున్నా నిలబడవద్దు.

మల్లెతీగ_మెటల్ (బెంగళూరు):
దీనికి నా సాక్ష్యం కూడా కలపండి. బిరడాలు పెట్టుకుంటే నాకు గొంతు మరింత స్పష్టంగా వినిపించింది, పక్కవారి కేకలు తగ్గాయి. బేస్ దెబ్బ మాత్రం శరీరం గుండా వస్తుంది గనుక అణువంత కూడా తగ్గలేదు.

ఆరుతీగలు (విశాఖపట్నం):
అందరికీ నమస్కారాలు. మొదటి రెండు మూడు పాటలకు ఎంత ముందుకు వీలైతే అంత ముందు నిలబడి వేళ్లు చూసి, ఆ తరువాత మైక్‌సెట్ గారి గుడారం దగ్గరికి జరగాలని నిర్ణయించుకున్నాను. వడపోత బిరడాలు ఇప్పుడే కొని, ఇంట్లో ఆంప్లిఫయరు ముందు పెట్టుకుని అలవాటు చేసుకుంటాను. గిటారును కూడా ఈ రోజు నుంచి అర స్వరం తగ్గించి శ్రుతి చేసుకోబోతున్నాను.

పాత_వాక్‌మన్ (హైదరాబాద్):
శ్రుతి తగ్గిస్తే తీగలు వదులవుతాయి, ఒక సైజు మందమైనవి వేసుకోండి. మైదానంలో ముందు నుంచి వెనక్కు రావడం తేలికే గాని, కచేరీ మొదలయ్యాక వెనక నుంచి ముందుకు పోవడం ఎవరి తరమూ కాదు. కనుక మీరు అనుకున్న క్రమమే సరైనది.