ఓవెన్ లేకుండా గ్రానోలాతో ఏ తీపి చేయొచ్చు?

అందరికీ నమస్కారం. మాది కావలి. బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడు కిలో గ్రానోలా ఇచ్చి వెళ్లాడు. ఓట్స్, బాదం, గుమ్మడి గింజలు, తేనె కలిపి కాల్చింది. పాలల్లో వేసి ఇస్తే పిల్లలు రెండు రోజులు తిన్నారు, మూడో రోజు గిన్నె పక్కకు తోసేశారు. ఇక్కడి సముద్రపు గాలికి డబ్బా తెరిచిన వారానికే మెత్తబడింది. మూకుట్లో సన్న సెగ మీద ఐదు నిమిషాలు వేయిస్తే మళ్లీ కరకరలాడింది, ఆ దిగులు తీరింది.

మొన్న వేరుశనగ అచ్చులాగా బెల్లం పాకంలో కలిపి చూశాను. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టింది, సరిపోయిందనుకుని దించేశాను. చల్లారాక ముక్క కోయబోతే పొడిపొడిగా రాలిపోయింది. పాకం ఇంకా ముదరాలా, లేక ఓట్స్ ఎక్కువైనందుకు పాకం చాలలేదా? కొలతలు తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంట్లో తాటి బెల్లం, నువ్వులు, పచ్చికొబ్బరి, అరటిపళ్లు, సపోటాలు, గడ్డ పెరుగు ఉన్నాయి. ఓవెన్ లేదు, ఫ్రిజ్ ఉంది. పెరుగు వడకట్టి, సపోటా గుజ్జు కలిపి, గ్లాసుల్లో పొరలుగా వేద్దామని ఉంది. గ్రానోలా ముందే వేస్తే నానిపోతుందేమో, వడ్డించేటప్పుడే వేయాలా?

ఆదివారం మా అత్తయ్య వస్తున్నారు. ఆవిడ గట్టివి నమల్లేరు, పిల్లలకేమో కరకరలాడాలి. ఇద్దరికీ నచ్చేలా ఒక్క తీపి చేసి పెట్టాలని నా ఆశ. మీరు చేసి చూసినది ఏదైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.