అల్దో మోరో ప్రాణం కోసం ఇటలీ ప్రభుత్వం బేరానికి దిగాల్సిందా?

గోస్తనీ:
నిన్న రోములో వియా కయెతానీ అనే సన్నటి వీధిలో చాలాసేపు నిలబడిపోయాను. గోడకు ఒక ఫలకం, దాని మీద అల్దో మోరో ముఖం. 1978 మే 9న ఎర్ర రెనో 4 కారు వెనక భాగంలో, దుప్పటి కప్పి ఆయన శవాన్ని వదిలేసింది అక్కడే. అటు చూస్తే ఆయన సొంత పార్టీ ఆఫీసు, ఇటు చూస్తే కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు, రెండూ కూతవేటు దూరమే.

ఈ కథ తెలియనివారి కోసం కాస్త చెబుతాను. మోరో ఇటలీకి ప్రధానిగా చేసినవాడు, అప్పటికి క్రిస్టియన్ డెమొక్రాట్ల పార్టీ అధ్యక్షుడు. కమ్యూనిస్టుల మద్దతుతో ప్రభుత్వం నిలబెట్టాలని ఎంతో ఓపికగా అందరినీ ఒప్పించాడు. ఆ ప్రభుత్వం పార్లమెంటులో విశ్వాసం కోరాల్సిన రోజే, మార్చి 16 పొద్దున, వియా ఫానీలో రెడ్ బ్రిగేడ్స్ అనే సాయుధ వామపక్ష దళం దారి కాసింది. ఐదుగురు అంగరక్షకుల్ని కాల్చి చంపి ఆయన్ని ఎత్తుకుపోయారు. ఆ మలుపులో రోజూ పూలమ్ముకునే ఒక మనిషి ఉండేవాడు. ముందు రాత్రే అతని వ్యాను టైర్లు నాలుగూ కోసేశారు, పొద్దున్నే అతను అక్కడికి రాకుండా. అంత పకడ్బందీగా చేశారు.

55 రోజులు దాచారు. జైల్లో ఉన్న 13 మందిని వదిలితే మోరోను వదులుతామన్నారు. ప్రధాని ఆంద్రెయొత్తి, కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగువేర్ 'బేరం ప్రసక్తే లేదు' అన్నారు. సోషలిస్టు నాయకుడు క్రాక్సి మాత్రం ఏదో ఒక దారి వెతకమన్నాడు. జబ్బుతో ఉన్న ఒక్క ఖైదీకి క్షమాభిక్ష పెడదామన్న ఆలోచన కూడా నడిచింది. అదీ జరగలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. ఆ ఒక్కరినైనా వదలాల్సింది. మోరో చెరలోంచి పదుల కొద్దీ ఉత్తరాలు రాశాడు, భార్యకు, పార్టీ వాళ్లకు, పోప్‌కు. పార్టీ వాళ్లేమో ఇవి మనకు తెలిసిన మోరో మాటలు కావు, బలవంతంగా రాయిస్తున్నారు అని పక్కన పెట్టేశారు. బతికున్న మనిషి నన్ను కాపాడండయ్యా అంటుంటే, అది నీ మాట కాదు పొమ్మనడం కంటే దారుణం ఏముంటుంది?

కరీంనగర్ శీను:
గోస్తనీ గారూ, బాధ అర్థమైంది. కానీ 1974 జెనోవా కేసు చూడండి. అదే దళం మారియో సొస్సి అనే ప్రాసిక్యూటర్‌ను ఎత్తుకెళ్లి ఖైదీల విడుదల అడిగింది. కోర్టు సరేనంది. సొస్సి ఇంటికి వచ్చాడు. అయితే ప్రధాన ప్రాసిక్యూటర్ ఫ్రాంచెస్కో కోకో విడుదలకు అడ్డుపడ్డాడు, ఖైదీలు జైల్లోనే ఉండిపోయారు. 1976 జూన్‌లో కోకోనూ ఆయన వెంట ఉన్న ఇద్దరు రక్షకులనూ చంపేశారు.

ఇంకో మాట. మోరోను ఎత్తుకుపోయిన రోజుల్లోనే తొరీనోలో రెడ్ బ్రిగేడ్స్ స్థాపకుల్లో ఒకడైన రెనాతో కుర్చియో తదితరుల మీద విచారణ నడుస్తోంది. దానికి జ్యూరీ సభ్యులు దొరకడమే గగనమైంది. జ్యూరీకి పేరు వచ్చినవాళ్లు భయంతో డాక్టరు సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. ఎందుకు భయం? ముందు ఏడాది ఏప్రిల్‌లో అక్కడి న్యాయవాదుల సంఘం అధ్యక్షుడు ఫుల్వియో క్రోచెను కాల్చేశారు కాబట్టి. అయినా చివరికి కొందరు మామూలు మనుషులు గుండె రాయి చేసుకుని జ్యూరీలో కూర్చున్నారు. కుర్చియో వగైరాను వదిలేసి ఉంటే వాళ్ల మొహం ఎలా చూసేది ప్రభుత్వం? చనిపోయిన ఐదుగురు రక్షకుల భార్యలకు ఏమని చెప్పేది? నాయకుడి ప్రాణానికి 13 మంది, పోలీసు ప్రాణానికి ఒక దండా?

అనూరాధ, గుంటూరు:
మన దగ్గర గుర్తేడు గుర్తులేదా శీను గారూ? 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలో పీపుల్స్‌వార్ వాళ్లు ఎస్.ఆర్.శంకరన్ గారితో సహా ఐఏఎస్ అధికారులను పట్టుకుపోయారు. ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న కొందరు నక్సలైట్లను వదిలింది, అధికారులు క్షేమంగా వచ్చారు. రాష్ట్రమేం కూలిపోలేదు. పైగా అదే శంకరన్ గారు తర్వాత పౌర స్పందన వేదిక పెట్టి ఇరుపక్షాలనూ చర్చల బల్ల దగ్గరికి తేవడానికి ఏళ్ల తరబడి తిరిగారు. బందీగా ఉన్న మనిషి బతికొస్తే ఏం చేయగలడో అది. మోరో కూడా ఇటలీలో అలాంటివాడే కదా, శత్రువులను ఒక చోట కూర్చోబెట్టే మనిషి.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా అనూరాధా, పోలిక బాగుంది కానీ పూర్తిగా అతకదు. శంకరన్ గారికి గిరిజనుల్లో ఉన్న పేరు వేరు. ఆయన్ని చంపితే తమకే నష్టమని పట్టుకున్నవాళ్లకూ తెలుసు. రెడ్ బ్రిగేడ్స్ లెక్క దీనికి పూర్తిగా వేరు. వాళ్లకు కావాల్సింది ప్రభుత్వం తమను రాజకీయ పక్షంగా గుర్తించడం. ఆరవ పాల్ పోప్ స్వయంగా వాళ్లకు ఉత్తరం రాశాడు, కానీ షరతుల్లేకుండా వదలమని అడిగాడు. షరతుల్లేకుండా అంటే బేరం లేదనే, ఆ మాటతో తనకిక ఆశ లేదని మోరోకు తెలియకుండా ఉంటుందా?

ఒకటి మాత్రం మీ ఇద్దరూ వదిలేశారు. ఇటలీలో బాంబులు మొదలెట్టింది ఎర్ర జెండావాళ్లు కాదు. 1969 డిసెంబరు 12న మిలాన్‌లో పియాజ్జా ఫొంతానా బ్యాంకులో పేలింది, 17 మంది పోయారు. పోలీసులు అరాచకవాదుల మీద, అంటే అసలు ప్రభుత్వమే వద్దనే వామపక్షం వాళ్ల మీద పడ్డారు. జుసెప్పె పినెల్లి అనే రైల్వే కార్మికుడు విచారణలో ఉండగానే పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీ నుంచి పడి చనిపోయాడు. ఆ బాంబు పెట్టింది నయా ఫాసిస్టులని తేలడానికి దశాబ్దాలు పట్టింది. 2005లో సుప్రీం కోర్టు ఇద్దరి బాధ్యత ఉందని చెప్పింది గానీ అప్పటికే వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు, మళ్లీ విచారించే వీల్లేదు. 1980లో బొలోన్యా రైల్వే స్టేషన్‌లో 85 మందిని చంపిందీ నయా ఫాసిస్టులే. ఆ కేసులో దర్యాప్తును తప్పుదారి పట్టించినందుకు సైనిక నిఘా సంస్థ అధికారులకే శిక్ష పడింది. ఇలాంటి రాజ్యం 1978లో 'మేం చట్టానికి కట్టుబడ్డాం' అంటే ఇటలీ యువకులు ఎలా నమ్ముతారు?

గోస్తనీ:
మాస్టారూ, అసలు విషయానికి వచ్చారు. శీను గారూ, మీరు చెప్పిన జెనోవా, తొరీనో రెండూ బలమైనవే. కోకో గురించి చదివి నేనూ ఆగిపోయాను. కానీ మోరో పోయిన మూడేళ్లకు జరిగింది చూడండి. 1981 ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర చీరో చిరిల్లోను ఎత్తుకుపోయారు. ఈయనదీ మోరో పార్టీయే, ఎత్తుకుపోయిందీ అదే రెడ్ బ్రిగేడ్స్. ఈయన మోరో స్థాయి నాయకుడు కాదు, ప్రాంతీయ నాయకుడు. భూకంపం తర్వాతి పునర్నిర్మాణ పనులు చూస్తున్నాడు. అప్పుడు ఏమైంది? నిఘా సంస్థ మనుషులు జైలుకు వెళ్లి కమోరా ముఠా నాయకుడు రఫాయెలె కుతోలోతో మంతనాలు జరిపారు. డబ్బు ముట్టింది. జులైలో చిరిల్లో ఇంటికొచ్చాడు. ఆ నిబ్బరం, ఆ సూత్రం ఏమైపోయాయి? సూత్రమే అయితే అందరికీ ఒకటే ఉండాలి.

కరీంనగర్ శీను:
చిరిల్లో విషయం సిగ్గుచేటే, ఒప్పుకుంటాను. అప్పుడు కూడా డ్రైవరునూ రక్షకుణ్నీ చంపే ఎత్తుకెళ్లారు, వాళ్ల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? కానీ 1981లో తప్పు చేశారు కాబట్టి 1978లో చేసిందీ తప్పే అనలేం.

రెడ్ బ్రిగేడ్స్‌ను చివరికి ముంచింది ఏమిటి? జెనోవా ఉక్కు ఫ్యాక్టరీలో గ్వీదో రోస్సా అనే కార్మికుడు, యూనియన్ మనిషి, కమ్యూనిస్టు. తోటి కార్మికుడు దళం కరపత్రాలు పంచుతుంటే చూసి, భయపడకుండా కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1979 జనవరి 24న పనికి బయల్దేరుతుంటే కారులోనే చంపేశారు. అంత్యక్రియలకు రాష్ట్రపతి పెర్తీని వచ్చాడు, ఇసుకేస్తే రాలనంత జనం. కార్మికుల కోసం అన్నవాళ్లే కార్మికుణ్ని చంపారని ఫ్యాక్టరీల్లో అందరికీ అర్థమైపోయింది. ముందు ఏడాదే ప్రభుత్వం బేరానికి దిగి ఉంటే రోస్సా సాక్ష్యం చెప్పేవాడా? నేను చెప్పేవాణ్ని కాదు.

అనూరాధ, గుంటూరు:
మోరో భార్య ఎలెయొనోరా సంగతి కూడా చెప్పండి ఎవరైనా. ప్రభుత్వ లాంఛనాలు వద్దు, సంతాప దినం వద్దు అని కుటుంబం తెగేసి చెప్పింది. తొర్రీతా తిబెరీనా అనే చిన్న ఊళ్లో సొంతవాళ్లే పూడ్చుకున్నారు. అయినా మే 13న రోములో పెద్ద చర్చిలో పోప్, నాయకులంతా కలిసి సంస్మరణ జరిపారు. శవపేటిక లేదు, భార్యాపిల్లలు లేరు. ఆ ఖాళీ స్థలం తలుచుకుంటే కడుపులో దేవుతుంది.

కరీంనగర్ శీను:
దానికి నా దగ్గర జవాబు లేదమ్మా.
గోస్తనీ గారూ, ఒక్కటి అడుగుతాను. మీరు రోములోనే ఉన్నారు. వియా ఫానీలో ఆ ఐదుగురి స్మారకం ఉంది. లెయొనార్ది, రిచ్చి, జిజ్జి, రివేరా, యొజ్జీనో. చూశారా?

గోస్తనీ:
లేదండీ. కయెతానీ దగ్గరికి మూడుసార్లు వెళ్లాను, అటు ఒక్కసారీ పోలేదు. ఈ ఆదివారం వెళ్తాను, పూలు తీసుకుని.