బాలాహిస్సార్ నుంచి 180 డిగ్రీల నగర చిత్రం: అతుకుల దగ్గర ఏం చేయాలి?

గోల్కొండ కోట పైభాగమైన బాలాహిస్సార్ నుంచి పడమర ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లు, ఉత్తరాన కుతుబ్‌షాహీ సమాధులు, తూర్పున పాత నగరం, అన్నీ ఒకే వాటర్‌కలర్‌లో రావాలి. 56×76 సెం.మీ. కాగితాలు నాలుగు, 76 సెం.మీ. వైపు అడ్డంగా, పక్కపక్కన; ఒక్కోదానికి 45 డిగ్రీలు.

రెండు దారులున్నాయి. 1787లో పేటెంట్ పొందిన చిత్రకారుడు రాబర్ట్ బార్కర్ పనోరమాలోలా గుండ్రటి గోడ మీద అనుకుంటే వ్యాసార్ధం సుమారు 97 సెం.మీ., ప్రతి డిగ్రీకి 1.69 సెం.మీ. కొలత ఎక్కడా మారదు. కానీ చదునైన గోడకు తగిలిస్తే దగ్గరి కోటగోడ విల్లులా వంగి కనిపిస్తుంది. అలాకాక ఏ కాగితానికి ఆ కాగితం విడి దృశ్యంగా గీస్తే గీతలు తిన్నగానే ఉంటాయి. అయితే డిగ్రీకి మధ్యలో 1.60, అంచున 1.88 సెం.మీ. పడుతుంది. అంచు టవర్లు లావెక్కుతాయి, కోటగోడ రెండు కాగితాల అతుకు దగ్గర మడత పడుతుంది. దూరపు భవనాలకు మొదటి పద్ధతే నయమని నా అభిప్రాయం. ముందున్న కోటగోడను మాత్రం ఎలా సర్దాలి? అతుకును ఏ చెట్టు వెనకో, బురుజు వెనకో దాచేస్తారా?

ఆకాశం మరో చిక్కు. నాలుగింటికీ సరిపడా రంగు ఒకేసారి కలిపినా అల్ట్రామెరీన్ నీలం అడుగుకు దిగుతుంది, చివరి కాగితం పాలిపోతుంది. ప్రతిసారీ కలియబెట్టడం తప్ప వేరే ఉపాయముందా? కాగితాలను పక్కపక్కన బిగించి ఒకే తడిలో వేసినవాళ్లుంటే అంచుల్లో నీరు నిలవకుండా ఏం చేశారో చెప్పండి.

కడుతున్న టవర్లు, క్రేన్‌లు నెలనెలా మారుతుంటాయి. ఒకే రోజు దృశ్యానికి కట్టుబడాలా?