కార్డ్‌లెస్ వ్యాక్యూమ్ బ్యాటరీ పోయింది: కొత్త ప్యాక్ కొనాలా, రిచీ స్ట్రీట్‌లో సెల్స్ మార్పించాలా?

వేళచ్చేరి వదిన
మూడేళ్ల కిందట కొన్న కార్డ్‌లెస్ వ్యాక్యూమ్. మొదట్లో ఒక్క ఛార్జింగ్‌తో ఇల్లంతా అయిపోయేది, ఇప్పుడు హాలు సగం ఊడ్చేసరికి టక్కున ఆగిపోతోంది. మళ్లీ బటన్ నొక్కితే రెండు సెకన్లు తిరిగి ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. సర్వీస్ సెంటర్‌లో విప్పి చూడకుండానే "బ్యాటరీ పోయిందమ్మా, కొత్త ప్యాక్ 6,800" అన్నారు. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఒకాయన ప్యాక్ లోపలి ఆరు సెల్స్ మార్చి 2,600కి ఇస్తానంటున్నాడు. మావారు ప్యాకే కొనేద్దామంటారు. మిషనే 19,000 పెట్టి కొన్నాం, అందులో మూడో వంతు బ్యాటరీకి పోయడానికి నాకు మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

మీటర్ మావయ్య
ముందు రెండూ వద్దమ్మా. బ్యాటరీయే పోయిందని ఎవరు తేల్చారు? ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, బ్రష్ రోలర్‌కి జుట్టు చుట్టుకున్నా ఇలాగే ఆగిపోతుంది. ఫిల్టర్ కడిగి ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్ తీసేసి ఉత్త మిషన్ నడిపి చూడండి. అప్పటికీ ఆగితే ఛార్జర్ పిన్ దగ్గర వోల్టులు కొలిచే మీటరు పెట్టి, ఛార్జర్ మీద రాసిన వోల్టేజి వస్తోందో లేదో చూడండి. అదీ బాగుంటే ప్యాక్ ఫుల్ ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసిన గంటకు కొలవండి. లిథియం సెల్ నిండితే 4.2 వోల్టులు, ఆరూ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి 25.2కి దగ్గరగా రావాలి.

వేళచ్చేరి వదిన
అన్నీ చేశాను మావయ్యగారూ. బ్రష్ తీసినా మూడు నిమిషాలకే ఆగింది. ఛార్జర్ బాగానే ఉంది. ప్యాక్ 24.1 చూపించింది. దాన్ని మళ్లీ రిచీ స్ట్రీట్‌కి పట్టుకెళ్తే, ఆయన నా ముందే నాలుగు స్క్రూలు విప్పి సెల్ సెల్‌కీ మీటరు పెట్టాడు. ఐదు 4.16 దగ్గర ఉన్నాయి, ఆరోది 3.3. పైకి చూస్తే ఉబ్బు లేదు, మరక లేదు, మిగతావాటికీ దానికీ తేడాయే తెలియలేదు.

మీటర్ మావయ్య
అయితే దొంగ దొరికాడు. ఐదు నిండగానే ప్యాక్‌లో సెల్స్‌ని కాపాడే బోర్డు ఛార్జింగ్ ఆపేస్తుంది, ఆరోది దాదాపు ఖాళీగానే మిగిలిపోతుంది. మిషన్ వేయగానే ఆ ఒక్కటీ అడుగంటుతుంది, దాన్ని కాపాడటానికి బోర్డు మొత్తం కట్ చేస్తుంది.

తాంబరం తమ్ముడు
మరైతే ఆ ఒక్క సెల్ మారిస్తే చాలు కదా వదినా? 400తో పోతుంది. ఐదు మంచివి పారేయడం నాకైతే అన్యాయం అనిపిస్తోంది.

టంకం చెయ్యి
తమ్ముడూ, అది కాదు. వరసలో ఉన్న సెల్స్ అన్నిట్లోంచి ఒకే కరెంటు పోతుంది, ప్యాక్ ఎంతసేపు నడవాలో బలహీనమైనదే నిర్ణయిస్తుంది. మిగతా ఐదూ మూడేళ్లు ఇదే చెన్నై ఎండలో ఉన్నాయి, 4.16 చూపించినంత మాత్రాన కెపాసిటీ ఉన్నట్టు కాదు. కొత్తదొకటి వాటి మధ్య పెడితే కొన్ని నెలల్లో ఇంకొకటి వెనకబడుతుంది, మళ్లీ విప్పాలి. మారిస్తే ఆరూ మార్చాలి, ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి.

నా ఓటు రిచీ స్ట్రీట్‌కే. కాకపోతే అక్కడ ఏం అడగాలో తెలిసి వెళ్లాలి. 18650 అనే ఈ సైజులో నిజమైన సెల్ కెపాసిటీ మామూలుగా 3,600 మిల్లీ ఆంప్ అవర్ దాటదు, 9,900 అని రాసి ఉంటే చేతిలోకి కూడా తీసుకోకండి. నేనొకసారి అలాంటిది కొని కిచెన్ స్కేలు మీద పెడితే 31 గ్రాములు తూగింది, మంచిది 45 దాకా ఉంటుంది. ఇంకో మాట, వ్యాక్యూమ్ మోటారు కరెంటు గట్టిగా లాగుతుంది, టార్చ్‌లైటు సెల్ దానికి ఆగదు. హై డ్రెయిన్ సెల్ అని అడగండి.

అన్నానగర్ నాన్న
నేను గట్టిగా వద్దంటాను. పోయినేడు నేనూ డబ్బు మిగులుతుందనే సెల్స్ మార్పించాను. నాలుగో నెలలో ఛార్జింగ్‌లో ఉండగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. విప్పి చూస్తే, ఒక్క క్షణం కరెంటు పంపి పట్టీ అతికించే స్పాట్ వెల్డింగ్ చేయలేదు, సెల్ మీదే సోల్డరింగ్ ఐరన్ పెట్టి టంకం వేశారు, ఆ వేడికి సెల్ లోపలి సీలు దెబ్బతింటుంది. అంతకన్నా నన్ను వణికించింది ఇంకొకటి: వేడి కనిపెట్టే ఆవగింజంత సెన్సార్ సెల్స్‌కి అంటించకుండా గాల్లో వేలాడుతోంది. ఇక బోర్డుకి వేడి ఎలా తెలుస్తుంది? మా పాప ఆ గదిలోనే పడుకుంటుంది. అన్నీ సరిగ్గా చేసినా, కొన్ని మిషన్లలో సెల్స్ ఊడదీయగానే బోర్డు లాక్ అయిపోతుంది, కొత్త సెల్స్ పెట్టినా పనిచేయదు, అప్పుడు ఆ 2,600 కూడా బూడిదలో పోసినట్టే. 4,200 తేడా కోసం ఈ టెన్షన్ ఎందుకమ్మా?

టంకం చెయ్యి
అన్నా, మీకు జరిగింది నిజంగా ప్రమాదమే, కాదనను. కానీ అది పని చేసినవాడి తప్పు, పద్ధతి తప్పు కాదు. యూరప్‌లో 2023లో చట్టం చేశారు, 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి వస్తువుల్లో చాలావాటికి బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా కంపెనీలు తయారుచేయాలి. మనకి ఆ వెసులుబాటు వచ్చేదాకా ప్రతిసారీ వాళ్లు చెప్పిన రేటే కట్టాలా?

అన్నానగర్ నాన్న
పని చేసినవాడి తప్పో కాదో పైన నికెల్ పట్టీ, టేపు చుట్టేశాక మనకెలా తెలుస్తుంది తమ్ముడూ? నా భయమంతా అదే.

వేళచ్చేరి వదిన
మీ మాట విన్నాకే మళ్లీ వెళ్లాను అన్నయ్యా. ముందే లాక్ గురించి అడిగితే, ఇదే మోడల్ బోర్డుతో చేశానని ఇంకో ప్యాక్ చూపించాడు. స్పాట్ వెల్డింగ్ నా ఎదురుగానే చేయించాను, టేపు చుట్టకముందు సెన్సార్ అతికించారో లేదో చూశాను, సెల్స్ తూకం వేయించాను, 46 గ్రాములు. అన్నీ కలిపి 2,900 అయింది. ఇప్పుడు ఫుల్ ఛార్జ్‌కి 25.1, నిన్న ఇల్లంతా ఊడ్చినా ఇంకా ఛార్జ్ మిగిలింది. పాత ఐదు సెల్స్ ఉంచుకుంటానని అడిగాడు, ఇచ్చేసి వచ్చాను.

టంకం చెయ్యి
అయ్యో, అదొక్కటీ చేయకుండా ఉండాల్సింది వదినా. పాత సెల్స్‌కి కొత్త ప్లాస్టిక్ తొడిగి కొత్తవని అమ్మేవాళ్లు ఉన్నారు, అవి రేపు ఇంకెవరి ప్యాక్‌లోనో తేలతాయి. వీలైతే రేపే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. రెండు చివర్లకీ టేపు వేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

అన్నానగర్ నాన్న
రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోకమ్మా. మొదటి నెల రోజులు ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఒకసారి చెయ్యి పెట్టి చూస్తుండు.

వేళచ్చేరి వదిన
అలాగే అన్నయ్యా. పొద్దున వంట చేసుకునేటప్పుడే పెడుతున్నాను, కళ్లెదురుగా ఉంటుంది. సెల్స్ కోసం శనివారం వెళ్తున్నాను.