ఛందస్సుతో లెక్కల క్లాసు: ఎవరైనా చేశారా?

ఎనిమిదో తరగతి లెక్కల టీచర్:
మా పిల్లలు పద్యం గడగడా అప్పజెబుతారు. అదే "ఈ వరుసలో తర్వాతి సంఖ్య ఏది, ఎందుకు?" అంటే మాత్రం నోరు మెదపరు. పాటనీ పద్యాన్నీ లెక్కల్లోకి తేవచ్చా? సిలబస్ టెన్షన్ ఎలాగూ ఉంది, ఒక్క పీరియడ్‌లో అయ్యేది చెప్పండి.

రిటైర్డ్ తెలుగు పండిట్:
అమ్మా, లఘువుకి (పొట్టి అక్షరం, గుర్తు I) ఒక చప్పట్టు, గురువుకి (పొడుగు అక్షరం, గుర్తు U) రెండు చప్పట్లంత కాలం. ఒక చప్పట్టంత కాలమే ఒక మాత్ర. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా నింపొచ్చో వాళ్లనే వెతకనివ్వండి. IIII, UII, IUI, IIU, UU: అయిదు. మూడు మాత్రలకి మూడు. అయిదు మాత్రలకి ఎనిమిది. సూత్రం మీరు చెప్పొద్దు. "చివర లఘువైతే ముందు ఎన్ని మాత్రలు మిగిలాయి? గురువైతే?" అని అడిగి ఊరుకోండి. ఈ వరుసకి పేరు తెచ్చిన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ పుస్తకం 1202లో వస్తే, మన జైన పండితుడు హేమచంద్రుడు అంతకు సుమారు యాభై ఏళ్ల ముందే ఛందస్సు కోసం ఈ లెక్క చెప్పాడు.

మృదంగం నేర్చుకుంటున్నవాణ్ణి:
క్లాసును రెండు జట్లు చేయండి టీచర్ గారూ. ఒకరు మూడేసి, ఒకరు నాలుగేసి లెక్కపెడుతూ మొదటి దెబ్బకే చప్పట్టు కొట్టాలి. పన్నెండు దెబ్బలకోసారి ఇద్దరి చప్పట్లూ కలుస్తాయి. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) చెవికి వినిపిస్తుంది! పక్క క్లాసు వాళ్లు తిట్టుకుంటారు, అది వేరే సంగతి.

ఎనిమిదో తరగతి లెక్కల టీచర్:
పండితుల వారూ, ఆరు మాత్రలకి అయిదూ ఎనిమిదీ కలిపి పదమూడేగా? సోమవారం పెడతాను. చప్పట్ల ఆట మాత్రం గ్రౌండ్‌లోనే.