టర్బో కారుకి 7వ నంబర్ స్పార్క్ ప్లగ్ వేయాలా, 8 వేయాలా?

నాది 2.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు. ఈమధ్య ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అంటే దాని సెట్టింగులు మార్పించి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) 0.8 బార్ నుంచి 1.2 బార్‌కి పెంచాను. పవర్ దాదాపు 70 హెచ్‌పీ పెరిగింది. ప్లగ్గులు మాత్రం పాతవే, ఎన్‌జీకే కంపెనీవి, హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే నంబర్) 6. ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే ప్లగ్ చల్లటిది.

నిన్న ప్లగ్గులు విప్పి చూస్తే గుండె జారిపోయింది. మూడు బాగానే ఉన్నాయి, లేత గోధుమ రంగు. మూడో సిలిండర్‌ది మాత్రం పింగాణీ సుద్దలా తెల్లగా ఉంది, దాని మీద ఇసుక రేణువుల్లాంటి మెరిసే చుక్కలు. అది పిస్టన్ అల్యూమినియమేనా? అప్పటినుంచి ఒకటే టెన్షన్, బండి గట్టిగా తొక్కడం మానేశాను.

75 నుంచి 100 హెచ్‌పీ పెరిగితే ఒక మెట్టు చల్లటి ప్లగ్ వేయాలని చదివాను. ఆ లెక్కన 7 చాలు. కానీ ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఆపకుండా నడుపుతాను, అందుకే 8 వైపు మనసు లాగుతోంది. రోజూ తిరిగేదేమో నాలుగైదు కిలోమీటర్లే. ప్లగ్ కొన దాదాపు 450 డిగ్రీలు దాటకపోతే మసి కాలిపోదు కదా, 8 వేస్తే మసి పట్టేస్తుందని భయం.

ఒక్క సిలిండరే ఇలా ఉందంటే అసలు తప్పు ప్లగ్‌దా, ఇంజెక్టర్‌దా? ముందు ఏది చూడమంటారు? ప్లగ్ గ్యాప్ (స్పార్క్ దూకే సందు) ఇప్పుడు 0.8 మిల్లీమీటర్లు, 0.7కి తగ్గించాలా? ఇలాంటి సెటప్ నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.

(బాష్ నంబర్లు చెప్పేవాళ్లు ఆ సంగతి రాయండి, అక్కడ నంబర్ పెరిగితే ప్లగ్ వేడిది.)